ఏడు మేకలు ఎట్ల బతికినయి?

మొదటి మేక ఉదయం 8.31కి పడిపోయింది.

కాళ్ళు వణికాయి. మెడ వెనక్కి వాలింది. నోరు తెరిచి గాలి కోసం కొట్టుకుంది. సత్తెమ్మ చెంబుతో నీళ్ళు తెచ్చేలోపు ప్రాణం పోయింది. ఆ వెనకే రెండోది. ఆ వెనకే నాలుగు.

9.15కల్లా తుమ్మదొడ్డి మేకల కొట్టంలో పందొమ్మిది మేకలు చచ్చి పడున్నాయి.

అయిజకు తొమ్మిది కిలోమీటర్ల దూరంలోని ఊరు అది. పేదరిక నిర్మూలన కోసం పనిచేసే విదేశీ సంస్థ లాంప్‌వెల్ ఇంటర్నేషనల్ ఆ మేకల్ని నాలుగు నెలల కింద ఇచ్చింది. ఊళ్ళో అందరికన్నా లేనివాళ్ళైన పదమూడు మంది ఆడవాళ్ళను ఎంచి, తలా రెండు. మొత్తం ఇరవై ఆరు.

ఆ పొద్దున్నే సంస్థ మనిషి వచ్చి మేకలకు పొట్టలో పురుగులు పోయే నట్టల మందు పట్టాడు. పట్టిన పావుగంటకే అవి చావడం మొదలైంది.

ఊరికి అంతకన్నా సాక్ష్యం అక్కర్లేదు.

* * *

ఎస్తేరు అప్పుడు గద్వాల కలెక్టరేట్ వరండాలో ఉంది. వయసు నలభై రెండు. లాంప్‌వెల్ రీజనల్ మేనేజర్. ఆఫీసు వనపర్తిలో. గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ మూడు జిల్లాలూ ఆమె కిందే.

8.52. ఫోన్లో స్టాఫ్ గ్రూప్ తెరిచింది. ముప్పై ఒక్క మెసేజ్‌లు. బల్మూర్ నుంచి ఫొటోలు వచ్చాయి. కొల్లాపూర్ నుంచి వచ్చాయి. తుమ్మదొడ్డి దగ్గర మాత్రం ‘ఈ సందేశం తొలగించబడింది’ అని ఉంది. ఆమె దాన్ని దాటి కిందికి జరిపింది.

అదే క్షణంలో కాల్. అయిజ ఫీల్డ్ కోఆర్డినేటర్ అనిల్.

“మేడం, తుమ్మదొడ్డిల మేకలు పడిపోతున్నయి. మందు పట్టిన శ్రవణ్‌ను కొడుతున్నరు. జర తొందరగ రండి.”

“ఎన్ని పోయినయి?”

“లెక్క పెట్టే స్థితి లేదు మేడం.”

9.47కి ఆమె జీపు ఊరి మొదట్లో ఆగింది. ముందుకు పోయే దారి లేదు. ట్రాక్టర్ ట్రాలీని రోడ్డుకు అడ్డంగా పెట్టారు.

దిగి నడిచింది. యాభై అడుగులు వేసిందో లేదో వెనక బుస్సుమని చప్పుడు. జీపు టైర్లో గాలి పోతోంది. డ్రైవర్ అరుస్తున్నాడు. ఎస్తేరు వెనక్కి చూడలేదు.

“అచ్చింది సూడు, మందు కంపెనీ మేడం.”

“ముందు మేకలిచ్చిన్రు. ఇగ సంపుతున్నరు. రేపు మనుషులకు పోస్తరు మందు.”

“మన అయిజ బిడ్డెనంట గదా. ఎవ్వరి బిడ్డైతే ఏంది.”

అయిజ బిడ్డ అన్న మాట నిజమే. ఎస్తేరు అయిజలో పుట్టింది. తల్లి సీడ్ పత్తి చేలల్లో పూలకు చేత్తో పుప్పొడి అద్దే క్రాసింగ్ కూలి. ఎస్తేరు కూడా తొమ్మిదేళ్ళకే మొగ్గలు గిల్లింది. అందుకే ఈ మేకల పథకమంటే ఆమెకు పంతం. మేకలున్న ఆడది కోపమొస్తే కూలికి రానని చెప్పగలదు.

కొట్టం ముందు చచ్చిన మేకల్ని వరసగా పడుకోబెట్టారు. ఒక్కోదాని పక్కన ఒక్కో ఆడమనిషి. ఎవరూ ఏడవడం లేదు. అందరూ ఆమెనే చూస్తున్నారు.

అనిల్ పరుగున వచ్చి ఆమెకూ జనానికీ మధ్య నిలబడ్డాడు. నాగర్‌కర్నూల్ టౌన్ కుర్రాడు, ఇరవై తొమ్మిదేళ్ళు. చొక్కా చిరిగి ఉంది. “మేడంను ఏమనొద్దు. నన్ను కొట్టండి” అంటున్నాడు.

పది దాటాక ఎస్సై జితేందర్ ఇద్దరు కానిస్టేబుళ్ళతో వచ్చాడు. జనాన్ని ఒకసారి, ఎస్తేరును ఒకసారి చూశాడు.

“మీవాణ్ణి పాత పంచాయతీ గదిల ఏసి తాళమేసిన్రు. నేను ఇప్పుడు తీస్తే లాఠీచార్జి జేయాలె. మీవల్ల నాకు ఆ లొల్లి అవసరం లేదు. పన్నెండింటి దాక ఆగుత. అప్పటికి మీరు వీళ్ళకేం జెప్పుకుంటరో జెప్పుకోండి. లేకుంటే మందు పట్టినోని మీద కేసు రాస్త.”

“గంటా యాభై నిమిషాలు” అంది ఎస్తేరు.

“గంటా నలభై ఐదు.”

* * *

పంచాయతీ గదికి ఒకే కిటికీ. ఇనుప చువ్వల వెనక శ్రవణ్ కుమార్ కూర్చున్నాడు. పశువుల వైద్యంలో డిప్లొమా చదివి రెండేళ్ళుగా సంస్థలో ఉన్నాడు. పెదవి పగిలింది. ఒక కన్ను మూసుకుపోయింది.

“ఎన్ని గంటలకు మొదలుపెట్టినవు?”

“ఏడు ఇరవైకి మేడం. కొట్టం బయట, నీళ్ళ ట్యాంకు కాడ.”

“ఇరవై ఆరూ బయటనేనా?”

“లే. చేతికి దొరికినయి ఏడు పట్టుకొచ్చిన్రు. వాటికి పట్టిన. ఏడు నలభైకి అయిపోయింది. టీ తాగొచ్చిన. ఎనిమిది ఐదుకు లోపలికి పోయి మిగిలిన పందొమ్మిదింటికి పట్టిన.”

“ఎన్ని సీసాలు?”

“ఒకటే. లీటరు సీసా. ఇంక సగానికంటె ఎక్కువనే ఉంది. ఎస్సై సార్ దగ్గర ఉంది.”

“మేకలకు నిన్న రాత్రి మేత?”

“ఏం లేదు మేడం. నట్టల మందుకు ముందు పస్తు ఉంచాలె గదా. నిన్న ఆరింటి నుంచి పస్తు. మీరే షెడ్యూల్ మీద సంతకం పెట్టిన్రు.”

“గుర్తుంది.”

ఆమె తిరిగి కొట్టం దగ్గరికి వచ్చింది. నీళ్ళ ట్యాంకు పక్కన ఏడు మేకలు కట్టేసి ఉన్నాయి. నిక్షేపంగా ఉన్నాయి. ఒకటి సత్తెమ్మ కొంగు నములుతోంది.

సత్తెమ్మ మేకల సంఘం లీడర్. యాభై ఏళ్ళ మనిషి. ఆమెవి ఒకటి బతికింది, ఒకటి పోయింది.

“సత్తెమ్మక్క, పందొమ్మిది ఎందుకు చచ్చినయో అందరూ అడుగుతున్నరు. ఈ ఏడు ఎట్ల బతికినయో ఎవరన్న అడిగిన్రా?”

“మా నసీబు. నీ పుణ్యం మాత్రం కాదు.”

“వీటికీ అదే సీసాల మందు పట్టిండు. ముందుగాల పట్టిండు. మందు ఇసమైతే ఇవే ముందు పోవాలె.”

సత్తెమ్మ కళ్ళు చిన్నవి చేసుకుంది.

“మీరు లోపలికి పోయినప్పుడు కొట్టం ఎట్లుంది?”

“ఎట్లుంటది. శుభ్రంగుంది. ఎవరో అప్పటికే ఊడ్సిన్రు.”

ఎస్తేరు కొట్టంలోకి వెళ్ళింది. నేల మీద పుల్లల చీపురు గీతలు ఇంకా కనిపిస్తున్నాయి. పక్కనే పెంటకుప్ప. దానిమీద పేడ ఎండిపోయి తెల్లబడింది. వంగి కట్టెపుల్లతో కదిపింది. కింద నుంచి పచ్చటి ఆకు ముక్కలు బయటికొచ్చాయి. అంచులు ఎండి, చుట్టుకుపోయిన ఆకులు.

10.50కి పశువుల డాక్టర్ సుప్రియ ఒక మేకను కోసి చూడటం ముగించింది. గ్లౌజులు తీస్తూ నెమ్మదిగా చెప్పింది.

“రక్తం చూడండి. కుంకుమ కలిపినట్టు ఎర్రగా ఉంది. ఇది నట్టల మందు పని కాదు. పొట్టలో పచ్చి జొన్న ఉంది. శాంపిల్ ల్యాబ్‌కు పంపుతాను గానీ, నాకు అనుమానం లేదు. ఇది నాము.”

ఎస్తేరుకు విడమరచి చెప్పనక్కర్లేదు. వాన మొహం చాటేసి జొన్న వాడిపోతే లేత మొక్కలో విషం పుడుతుంది. నాము పట్టిన జొన్న తింటే పశువు గంట కూడా బతకదు. ఖాళీ కడుపుతో తింటే అరగంట చాలు. ఇరవై మూడు రోజులుగా చినుకు లేదు.

“పస్తు ఉన్న మేకల పొట్టలోకి జొన్న ఎట్ల పోయింది డాక్టర్?”

“అది మీరు చెప్పాలి” అంది సుప్రియ.

* * *

ఎస్తేరు మనసులో ఒకే పేరు మెదిలింది. తిమ్మారెడ్డి.

సీడ్ పత్తి ఆర్గనైజర్. కంపెనీకి విత్తనం పండించి ఇస్తానని ఒప్పుకున్నవాడు. ఆగస్టు వచ్చింది, క్రాసింగ్ మొదలైంది. మేకలున్న పదమూడు మందీ ఈసారి అతని చేనుకు రామన్నారు. పోయిన వారం ఆమెకు ఫోన్ చేసి, “మీ మేకలు ఎన్ని దినాలు బతుకుతయో నేనూ చూస్త” అన్నాడు. ఆ కాల్ ఆమె రికార్డు చేసి పెట్టుకుంది.

11.05. అతని బోరు కింద పత్తి చేను పచ్చగా ఉంది. గట్టు మీద నిలబడి ఆమె రావడం చూస్తూ నవ్వుతున్నాడు.

“కూసో అనను. నిలబడే మాట్లాడు.”

“పొద్దుగాల ఏడు నుంచి ఎనిమిదింటి మధ్యల మీరు ఎక్కడున్నరు?”

“ఈడనే. ముప్పై మంది కూలోళ్ళు సాక్ష్యం. రాయచూరు కెల్లి తెచ్చుకున్న, నీ పుణ్యాన.”

“మీ మనుషులు ఎవరన్న కొట్టం కాడికి పోయిన్రా?”

“నా మీద ఏద్దామని వచ్చినవు గదా.” తిమ్మారెడ్డి ఉమ్మేశాడు. “నీ మొఖంలనే కనపడుతుంది. ఇన్నొద్దులు కాచుకొని కూసున్నవు.”

“అడిగిందానికి చెప్పండి.”

“నాకు మేకలు సావాలని ఉండె. దాపరికమేం లేదు. నేనైతే సంపలేదు. నీకు చేతనైతే ఇంకో మాట ఇను. మీ అనిల్ సారు పొద్దుగాల ఆరు యాభైకి ఈడికొచ్చిండు. గట్టుమీది పచ్చిగడ్డి రెండు మోపులు కావాలన్నడు. పొమ్మన్న. నా నీళ్ళ మీద పెరిగిన గడ్డి మీ మేకలకెందుకన్న.”

ఎస్తేరు గట్టు దగ్గరికి ఇంకో అడుగు వేసింది.

“గడ్డి ఎందుకో చెప్పిండా?”

“అర్జెంట్ అన్నడు. మా మేడం ఊకోదన్నడు.”

వెనక్కి వస్తుంటే ఎండ నెత్తిన కొడుతోంది. దారి పక్క అర ఎకరం చెలక. జొన్న మోకాలెత్తు పెరిగి వాడిపోయింది. ఒక మూల కొత్తగా కోసిన మోళ్ళు. ఆ చెలక ఎవరిదో ఆమెకు తెలుసు. జములమ్మది. మొగుడు పుణెలో పనికి పోయి తిరిగి రాలేదు. ఆ అర ఎకరం ఉందన్న కారణానికే ఆమె పేరు మేకల లిస్టులోంచి పోయింది. ఆ నిబంధన కింద సంతకం ఎస్తేరుదే.

ఎస్తేరు ఆగి మోళ్ళ మీద వేలు పెట్టింది. ఇంకా పచ్చిగానే ఉన్నాయి.

పస్తున్న మేకలకు పచ్చిగడ్డి ఎందుకు? ఆరు యాభైకే ఎందుకు?

ఫోన్ తీసింది. గ్రూప్‌లో నిన్న సాయంత్రం 5.40కి తాను పెట్టిన మెసేజ్ దాకా పైకి జరిపింది. చదివింది. మళ్ళీ చదివింది.

హైదరాబాద్ ఆఫీసులో ఫొటోలు, ప్రచారం చూసే అర్చనకు కాల్ చేసింది.

“అర్చనా, పొద్దున తుమ్మదొడ్డి నుంచి ఒక ఫొటో వచ్చి డిలీట్ అయింది. నువ్వు చూశావా?”

“చూడటమేంటి మేడం, 7.58కి డౌన్‌లోడ్ చేసి స్లైడ్‌లో కూడా పెట్టేశాను. చాలా బాగుంది. పంపనా?”

11.38కి ఫొటో వచ్చింది.

11.41కి డైరెక్టర్ కాల్ వచ్చింది. మేకలు పోయిన సంగతి ఆయనకు అప్పటికే తెలిసిపోయింది.

“ఎస్తేర్ గారూ, ఏమీ ఒప్పుకోవద్దు. విచారణ జరుగుతోందని చెప్పండి. ఆ ఆర్గనైజర్ బెదిరించిన రికార్డు మీ దగ్గర ఉందిగా. పోలీసులకు అదివ్వండి, చాలు.”

“సార్, సంస్థ తప్పుతో పశువు పోతే ముప్పై రోజుల్లో కొత్తది ఇస్తామని వీళ్ళతో రాసుకున్నాం. బయటివాళ్ళు చంపితే కేసు తేలేదాకా ఏమీ రాదు.”

“అందుకే చెప్తున్నాను.”

“అర్థమైంది సార్” అని ఆమె ఫోన్ పెట్టేసింది.

* * *

11.47. పంచాయతీ గది ముందు ఊరంతా చేరింది. తిమ్మారెడ్డి కూడా వచ్చి గోడకు ఆనుకున్నాడు. ఎస్సై చేతిలో మందు సీసా. డాక్టర్ సుప్రియ పక్కన. అనిల్ ఎస్తేరుకు కుడివైపు, కాపలాగా.

“ఒక్క పది నిమిషాలు ఇనండి. తర్వాత మీరేమన్న చేసుకోండి” అంది ఎస్తేరు.

“మీ ముచ్చట్లు వద్దు. తాళం తియ్యం” అని ఎవరో అన్నారు.

“తియ్యొద్దు. ముందు ఇనండి. మేకలు మందుతోని చావలే. అదే సీసాల మందు తాగిన ఏడు ఆడ కట్టేసి ఉన్నయి. పందొమ్మిది మాత్రం వేరే ఒకటి తిన్నయి. జొన్న. నాము పట్టిన జొన్న. డాక్టరమ్మ కోసి చూసింది.”

గుసగుసలు లేచాయి. నాము అన్న మాటకు ముసలివాళ్ళు తలలెత్తారు.

“కొట్టంల జొన్న లేదుగదా” అంది సత్తెమ్మ.

“లేదు. ఎందుకంటే ఊడ్చిన్రు. అక్కా, నిన్న ఆరింటి నుంచి పస్తు. తినేందుకేం లేదు. పొద్దుగాల వచ్చి ఊడ్చేందుకు కొట్టంల ఏముంటది?”

సత్తెమ్మ కొట్టం వైపు తిరిగి చూసింది.

“ఆ ఊడ్చిందంత పెంటకుప్ప కింద దొరికింది. ఏడు నలభై నుంచి ఎనిమిది ఐదు దాక శ్రవణ్ టీకి పోయిండు. ఆ ఇరవై ఐదు నిమిషాలల్లనే అయింది పని.” కిటికీ వైపు తిరిగింది. “శ్రవణ్, టీకి నువ్వే పోయినవా, ఎవరన్న పొమ్మన్నరా?”

లోపలి నుంచి గొంతు వచ్చింది. “అనిల్ సార్ పొమ్మన్నడు.”

అనిల్ ఒక అడుగు వెనక్కి వేశాడు. అక్కడ కానిస్టేబుల్ ఉన్నాడు.

“అనిల్ పెట్టి తీసేసిన ఫొటో ఇది. జొన్న జములమ్మది” అని ఎస్తేరు ఫోన్ ఎస్సైకి ఇచ్చింది. ఫొటోలో మేకలు ఒకదానిమీద ఒకటి ఎక్కి పచ్చటి మోపును లాగుతున్నాయి. మోపు పట్టుకున్న ఆడమనిషి మొహం సగం కనిపిస్తోంది. జితేందర్ ఫొటోలోంచి తలెత్తి జనంలోకి చూశాడు.

“జములమ్మ ఎవరు?”

వెనక వరసలో ఒక మనిషి కూలబడింది.

ఎస్తేరు వెళ్ళి ఆమె ముందు నేలమీద కూర్చుంది. “నిన్ను ఎవరూ ఏమనరు. ఏం జరిగిందో చెప్పు.”

“నేను చెప్పిన” అంది జములమ్మ. గొంతు వినపడీ వినపడనట్టు ఉంది. “సారు, ఇది నాము జొన్న, మేకలకు చూపెట్టొద్దు అన్న. తినబెట్టం, నువ్వు పట్టుకొని నిలబడితే చాలు, ఫొటో కోసమే అన్నడు. వచ్చే లిస్టుల నీ పేరు రాపిస్త అన్నడు. మేకలు ఆకలికి ఆగలే. మీద పడి గుంజుకున్నయి. నేను లాగుతనే ఉన్న.”

“మరి పొద్దటి నుంచి ఎందుకు చెప్పలేదు?”

“ఎవ్వరికి చెప్పాలె? లిస్టు రాసేటోళ్ళు మీరే గదా.”

సత్తెమ్మ అనిల్ మీదికి వెళ్ళింది. ఆమెతో పదిమంది. ఎస్సై అడ్డం పడ్డాడు.

అనిల్ చేతులు జోడించాడు. “నాలుగు ఆకులు తింటే సస్తయని నాకు తెల్వదు మేడం. జములమ్మ ఊరికె భయపడుతుందనుకున్న. శ్రవణ్ చూస్తే పస్తు చెడిందంటడని ఊడ్చిన. తర్వాత మేకలు పడిపోతుంటే ఫొటో తీసేసిన. ఉద్యోగం పోతదని భయమేసింది.”

“శ్రవణ్‌ను నీ ముందల్నే కొట్టిన్రు” అంది ఎస్తేరు.

“కొట్టిన్రు.”

“నువ్వు చూస్తున్నవు.”



ఎస్సై లాఠీ చంకలో పెట్టుకున్నాడు. “అయిపోయింది గదా. ఈణ్ణి తీస్కపోత.”

“అయిపోలేదు” అంది ఎస్తేరు. లేచి నిలబడింది. ఫోన్ తీసుకుని నిన్నటి మెసేజ్ తెరిచింది. అందరికీ వినపడేట్టు చదివింది.

“‘రేపు ఉదయం ఎనిమిది లోపు ప్రతి గ్రామం నుంచి ఫొటో రావాలి. మేకలు పచ్చిమేత తింటూ ఉండాలి. విదేశీ ట్రస్టీల మీటింగ్ ఉంది. సాకులు చెప్పొద్దు.’ ఇది పెట్టింది నేనే. ఈ ఊళ్ళ మేకలు పస్తున్నయని షెడ్యూల్ మీద సంతకం పెట్టింది కూడా నేనే. రెండూ కలిపి చూడలే. ఇరవై మూడు దినాలు వాన లేదు, పచ్చిమేత ఎక్కడ దొరుకుతదని ఆలోచించలే. నాకు పడనోళ్ళ మీద నేరం ఏసేందుకు పొద్దటి నుంచి తిరిగిన. ఇది సంస్థ తప్పు. ఎస్సైగారు, గిట్లనే రాసుకోండి.”

గోడ దగ్గర తిమ్మారెడ్డి గట్టిగా నవ్వాడు. ఆ నవ్వుకు ఎవరూ తోడు రాలేదు.

పంచాయతీ గది తాళం తీశారు. శ్రవణ్ బయటికి వచ్చాడు. ఎస్తేరు చెయ్యి చాపింది. అతను ఆ చేతిని చూసి, పక్కనుంచి నడిచిపోయి, డాక్టర్ సుప్రియ జీపులో వెనక సీట్లో కూర్చున్నాడు.

12.20కి హైదరాబాద్ నుంచి మెయిల్ వచ్చింది. విచారణ పూర్తయ్యేదాకా మీరు విధులకు దూరంగా ఉండాలి. ఈ రోజు సాయంత్రంలోగా చార్జ్ అప్పగించాలి.

ఆడవాళ్ళు ఇంకా కొట్టం ముందే ఉన్నారు. మధ్యలో జములమ్మను కూర్చోబెట్టుకున్నారు. ఎవరో ఆమెకు నీళ్ళిచ్చారు. ఎస్తేరు దగ్గరికి వెళ్తే ఎవరూ జరిగి చోటివ్వలేదు. నిలబడే చెప్పింది.

“నెలలోపు మేకలు వస్తయి. నేనుంటనో ఉండనో తెల్వదు. తప్పు ఒప్పుకున్నం కాబట్టి సంస్థ ఇయ్యకుండ ఉండలేదు.”

“వస్తె తీస్కుంటం” అంది సత్తెమ్మ. “మీ మొఖం చూసి కాదు. మా హక్కు కాబట్టి. ఒక్క మాట. ఇంకెప్పుడన్న ఎవరన్న ఫోన్ పట్టుకొని మా మేకల కాడికొస్తె కాళ్ళు ఇరగ్గొడుతం. అది గూడ రాసియ్యి.”

“రాస్త.”

ఎస్తేరు బ్యాగులోంచి కాగితం తీసి ఎస్సై జీపు బానెట్ మీద పెట్టి రాసింది. సాయంత్రం దాకా ఆ సంతకానికి విలువ ఉంది. పందొమ్మిది మేకలు, ముప్పై రోజులు, ఫొటోలు లేవు. సంతకం చేసి తేదీ వేసింది. 12.45 అని టైము కూడా వేసింది.

సత్తెమ్మ కాగితం తీసుకుంది. అటూ ఇటూ తిప్పి చూసింది. ఎస్తేరు వైపు చూడకుండా దాన్ని ఎస్సై చేతికిచ్చింది.

“సారు, ఈమె ఏం రాసిందో జర మీరు సదివి చెప్పున్రి.”